మొదటి పది నిమిషాలు

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో మా అమ్మ ఈ మాట ముద్దుగా అనేది. ల్యాబులో ముద్దు చేసేవాళ్లెవరూ లేరు కాబట్టి అక్కడ అది ఉట్టి కోపమే. దాన్ని ప్రొఫెసర్ మీద చూపించలేను. మిషన్ల మీద చూపిస్తే పగిలిపోతాయి. మిగిలింది రాజలింగన్న.

రాజలింగన్న మా ల్యాబ్ అటెండర్. పర్మనెంటు కాదు, ఏజెన్సీ పంపిన ఔట్‌సోర్సింగ్ మనిషి. పద్దెనిమిదేళ్లుగా ఔట్‌సోర్సింగే. రోజూ సీతాఫల్‌మండి నుంచి క్యాంపస్ గుండా నడిచి వచ్చి ఏడున్నరకల్లా ల్యాబ్ తాళం తీసేవాడు. ఆయనదీ నాదీ జనగామ దిక్కేనని తెలిసిన రోజే నన్ను మేడం అనడం మానేసి బిడ్డా అనడం మొదలుపెట్టాడు. యాభై నాలుగేళ్ల మనిషి, అనొచ్చు. నేను అన్నా అని పిలుస్తూనే, కోపమొస్తే నోటికొచ్చినట్లు అనేదాన్ని. ఆయన తల వంచుకుని "మంచిది బిడ్డా" అనేవాడు.

మా పని ఏమిటో చెప్పాలి. గది పైకప్పులో వెలిగే ఎల్‌ఈడీ దీపంతోనే ఇంటర్నెట్ పంపించడం. దీపాన్ని కంటికి అందనంత వేగంగా హెచ్చించి తగ్గిస్తూ పోతే, ఆ హెచ్చుతగ్గులను అవతల ఒక సెన్సర్ పట్టుకుని మళ్లీ మాటగా, బొమ్మగా మారుస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. చిక్కంతా ఎల్‌ఈడీతోనే. రెండింతల కరెంటు ఇచ్చినంత మాత్రాన రెండింతలు వెలగదు. ఆపగానే ఆగదు, కొంచెం సాగుతుంది. వేడెక్కితే మసకబారుతుంది. దాని వంకర బుద్ధినంతా ముందే లెక్కగట్టి చెప్పే సమీకరణాన్ని మేము మోడల్ అంటాం. మోడల్ సరిగ్గా ఉంటే, ఆ వంకరను ముందే సర్దుబాటు చేసి సందేశం పంపొచ్చు. నా ఏడేళ్ల పీహెచ్‌డీ మొత్తం కలిపి ఆ ఒక్క సమీకరణం.

దానికి ప్రాణం లాంటిది పొద్దుటి కొలత. రాత్రంతా ఆరిపోయి చల్లబడ్డ ఎల్‌ఈడీని సరిగ్గా పది గంటలకు వెలిగించాలి. మొదటి పది నిమిషాల్లో, అది వేడెక్కుతున్న కొద్దీ, వెలుతురు ఎంత పడిపోతుందో రాసుకోవాలి. ఈ కొలత రోజుకు ఒక్కటే కుదురుతుంది. ఒకసారి వేడెక్కిన దీపం పూర్తిగా చల్లబడాలంటే మళ్లీ ఒక రాత్రి గడవాల్సిందే.

మొదలుపెట్టిన నెలలోనే గొడవైంది. సిగ్నల్‌ను గీతగా చూపించే ఆసిలోస్కోపు, సెన్సర్ ఇవన్నీ వేడెక్కి కుదురుకుంటే తప్ప అంకెలు నిలకడగా రావు. ఒకరోజు నేను పదికి వెళ్లేసరికి ఏ ఒక్కటీ ఆన్ చేసి లేదు. నాకు ఒళ్లు మండింది. వరండాలో ఎమ్మెస్సీ పిల్లలు నిలబడి చూస్తుండగా అరిచాను.

"నేను వచ్చేసరికి అన్నీ ఆన్ చేసి, వేడెక్కి తయారుగ ఉండాలె! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? గింత పని కూడా చేతగాదా?"

"మంచిది బిడ్డా," అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లలో నాకు మళ్లీ ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు.

కొలతలు మూడు వందల దాకా వచ్చాయి. అన్నీ ఒకటే చెప్పాయి. మొదటి పది నిమిషాల్లో వెలుతురు ఒక్క శాతం కూడా పడిపోవడం లేదు. మా ఎల్‌ఈడీ వేడికి చలించడం లేదు! సమీకరణంలో వేడికి సంబంధించిన భాగం మొత్తం కొట్టేశాను. అది సగమై, చిన్న చిప్‌లో కూడా పట్టేంత తేలికైంది. మా గైడ్ శ్రీనివాసులు సార్‌ది అనంతపురం. మామూలుగా ఎవర్నీ మెచ్చుకునే రకం కాదు. ఆ గ్రాఫు చూసి కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. "బలే ఉందే వనజా!" అన్నారు. ఒక కాన్ఫరెన్సులో ఆ పేపరుకు బహుమతి కూడా వచ్చింది. తార్నాకలో నేనుండే గదిలో అద్దం పక్కన ఆ సర్టిఫికెట్ తగిలించుకుని, తల దువ్వుకున్నప్పుడల్లా చూసుకునేదాన్ని.

పోయిన జనవరిలో థీసిస్ చూసిన బయటి ఎగ్జామినర్ దగ్గరనుంచి రిపోర్టు వచ్చింది. అంతా బాగుంది అంటూనే చివర్లో ఒక పేరా. 'ఇదే రకం ఎల్‌ఈడీలో మాకు ఎనిమిది శాతం తగ్గుదల కనిపిస్తోంది. చల్లని స్థితి నుంచి మళ్లీ కనీసం మూడు కొలతలు తీసి చూపించండి.' నాకు నవ్వొచ్చింది. మూడేం ఖర్మ, మూడు వందలున్నాయి అనుకున్నాను.

ఆ వారం రాజలింగన్న సెలవులో ఉన్నాడు. భార్య లచ్చవ్వకు కంట్లో శుక్లాల ఆపరేషన్. నేనే తాళం తీసుకుని, నేనే అన్నీ ఆన్ చేసుకుని, పదికి ఎల్‌ఈడీ వెలిగించాను. పది నిమిషాల్లో ఎనిమిది శాతం పడిపోయింది.

సెన్సర్ పాడైందనుకున్నాను. మార్చాను. మర్నాడు మళ్లీ ఎనిమిది. కేబుళ్లు మార్చాను. మూడో రోజు ఎనిమిదిన్నర. శని, ఆదివారాలు నాకు అన్నం సయించలేదు. సోమవారం రాజలింగన్న వచ్చాడు, అంతే, తగ్గుదల మళ్లీ ఒక శాతం లోపలికి వచ్చేసింది. తేడా యంత్రాల్లో లేదని నాకు అప్పుడు తట్టింది.

మంగళవారం ఎనిమిదికే వెళ్లాను. స్కూటీ గేటు దగ్గరే ఆపేసి నడిచి వెళ్లాను. ల్యాబ్ తలుపు తీసే ఉంది. బయటి వెలుతురు పడకుండా ఎల్‌ఈడీని పెట్టిన నల్ల డబ్బా అంచుల్లోంచి సన్నగా తెల్లని కాంతి. రాజలింగన్న బెంచీ తుడుస్తున్నాడు.

"గిది ఎప్పుడు వేసినవన్నా?" అని అడిగాను.

"ఏది బిడ్డా, బల్బా? రాంగనే ఏసిన. ఏడున్నరకు."

"రోజూ ఏస్తవా?"

"ఒక్కరోజు తప్పలె. నువ్వే అంటివి గద, అన్నీ వేడెక్కి తయారుగ ఉండాలె అని. నీ బండి సప్పుడు ఇనవడంగనే గీ బల్బు ఒక్కటి బంద్ జేస్త. నువ్వు మల్ల నీ చేతుల్తోని ఏసుకుంటవు గద." మెచ్చుకుంటానని ఆశగా చూశాడు. "తప్పయిందా బిడ్డా?"

నల్ల డబ్బా వెనక్కి చేయి పెట్టి, ఎల్‌ఈడీ బిగించిన అల్యూమినియం పలకను తాకాను. చుర్రుమంది. అంత పెద్ద పలక ఐదు నిమిషాలు ఆపినంత మాత్రాన చల్లబడదు. గది ఉష్ణోగ్రత ఇరవై అయిదు డిగ్రీలని రోజూ గోడ మీది థర్మామీటర్ చూసి రాసుకున్నాను. ఈ పలక మీద వేలు పెట్టి చూడడానికి రెండేళ్లలో ఒక్కసారి కూడా బుద్ధి పుట్టలేదు. నా మూడు వందల చల్లని కొలతల్లో చల్లనిది ఒక్కటి లేదు. మసకబారాల్సినంతా నేను రాకముందే మసకబారిపోయేది. నేను కొలిచింది ఆ తర్వాత మిగిలినదాన్ని.

"ఏం తప్పులేదన్నా," అని కుర్చీలో కూర్చున్నాను. నవ్వొస్తుందో ఏడుపొస్తుందో తెలియలేదు. ఆయన గాబరాపడి బయటికి పరిగెత్తి, నాకు టీ తెచ్చిపెట్టాడు.

శ్రీనివాసులు సార్ అంతా విన్నారు. తర్వాత క్యాలెండర్ వంక చూశారు. నా రిజిస్ట్రేషన్ గడువు మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది. రెండు పొడిగింపులు అప్పటికే వాడేశాను. మోడల్ మళ్లీ కట్టాలంటే కనీసం వంద కొలతలు కావాలి, అంటే వంద పొద్దులు. నా చేతిలో ఉన్నవి అరవై.

"చూడమ్మా," అన్నారు సార్. "తప్పు స్కాలర్‌ది అయితే మూడో పొడిగింపు ఇయ్యరు. రూల్ లేదు. స్కాలర్ చేతిలో లేని కారణమైతే మూణ్నెల్లు ఇస్తారు. బల్బు ఆన్ చెయ్యమని నువ్వు చెప్పినావా వానికి?"

"అన్నీ ఆన్ చెయ్యమన్నాను సార్."

"బల్బు అని చెప్పినావా?"

"లేదు సార్."

"అయితే అట్లే రాయి. అటెండరు అనుమతి లేకుండా పరికరం ఆన్ చేసినాడు అని."

సార్ పెన్ను మూత తీశారు, పెట్టారు.

"ఊరికే ఆన్ చేసినాడంటే కమిటీ ఒప్పుకోదమ్మా. రెండేండ్లు నువ్వేం చూస్తాంటివి అని అడుగుతారు. పలుమార్లు హెచ్చరించినా వినలేదు అని ఉండాల. వాని సంతకంతో ఒక స్టేట్‌మెంట్ కూడా పెట్టు."

"సార్, ఈసారి పర్మనెంట్ చేసేవాళ్ల జాబితాలో ఆయన పేరుంది."

"ఏం కాదులేమ్మా. ఒక మెమో ఇస్తారు, అంతే. నేను మాట్లాడతా." ఆయన అబద్ధం చెప్తున్నారని నాకు తెలిసింది. నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. ఇద్దరం తలలు దించుకున్నాం.

రెండు రోజులు ఆలోచించానని చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆలోచించలేదు, నన్ను నేను ఒప్పించుకున్నాను. ఏడేళ్లు. ఊళ్లో మా నాన్న, మా వనజ డాక్టర్ అవుతున్నది, సూదిమందు డాక్టర్ కాదు, సదువుల డాక్టర్ అని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. రాజలింగన్నకు ఒక మెమో వస్తే ఏమవుతుంది? ఔట్‌సోర్సింగ్ వాళ్లకు మెమోలు రావా? ఇలా ఎన్నయినా అనుకోవచ్చు. భయం వేసింది, అంతే. ఏడేళ్లు పోతాయన్న భయం ముందు ఆ మనిషి ముఖం చిన్నదైపోయింది.

తార్నాక చౌరస్తా దగ్గర థీసిస్‌లు బైండింగ్ చేసే జిరాక్స్ షాపు ఒకటుంది. పొడిగింపు అడుగుతూ సార్ చెప్పిన మాటలతోనే ఉత్తరం అక్కడే ఇంగ్లీషులో టైప్ చేయించాను. కింద రాజలింగన్న స్టేట్‌మెంట్. సాయంత్రం డ్యూటీ దిగాక రమ్మంటే వచ్చాడు. చేతిలో లచ్చవ్వ కంటి చుక్కల మందు కవరు. ల్యాబుకే పిలిచి సంతకం పెట్టించుకోవచ్చు. కానీ ఆ బెంచీ దగ్గర, ఆ డబ్బా పక్కన నాకు చేతకాలేదు.

"గిందుల ఏమున్నది బిడ్డా?"

"పొద్దున ఏడున్నరకు నువ్వు అన్నీ ఆన్ చేసేటోనివి అని ఉన్నది. గంతే."

"నిజమే గదా. చేసేటోన్ని." కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది పెడితే నీ పని అయితదా?"

"అయితది."

"నా పర్మనెంటుకు ఏం అడ్డం రాదు గదా బిడ్డా? పేరు వచ్చిందంటున్నరు ఈసారి. పద్దెనిమిదేండ్లాయె."

జిరాక్స్ మిషన్ ఆగకుండా కాగితాలు తీస్తోంది. ఆ చప్పుడులో వినపడలేదని నటించి ఉండొచ్చు. అది కూడా చేయలేదు. ఆయన కళ్లలోకి చూసి, "రాదన్నా," అన్నాను.

పెన్ను తీసుకుని, గ్లాస్ కౌంటర్ మీద కాగితం పెట్టి, తెలుగులో ఒక్కొక్క అక్షరమే దిద్దినట్లుగా తన పేరు రాశాడు. "నీకు డాక్టరు పట్టా వస్తె మాకే పేరు బిడ్డా. మన దిక్కు పిల్ల అని చెప్పుకుంటం," అని సీతాఫల్‌మండి బస్సు కోసం రోడ్డు దాటాడు.

మూణ్నెల్ల పొడిగింపు వారంలో వచ్చింది. తర్వాత మూడు వారాలకు ఒకరోజు ల్యాబ్ తాళం వేరే మనిషి తీశాడు. రాజలింగన్నను ఇక పంపొద్దని ఏజెన్సీకి కాగితం పోయింది. జాబితాలోంచి పేరు తీసేశారు. శ్రీనివాసులు సార్‌ను అడిగితే, "నేను మాట్లాడినానమ్మా. పైన వాళ్లు వినలే," అని కంప్యూటర్ వైపు తిరిగిపోయారు. ఆయనను మళ్లీ అడగలేదు. రాజలింగన్నకు ఫోను చేయాలని రోజూ అనుకున్నాను. చేసి ఏమని చెప్పాలి?

పని మాత్రం బ్రహ్మాండంగా సాగింది. సిగ్గుతో చెప్తున్నాను, నా జీవితంలో అంత మంచి కొలతలు ఎప్పుడూ తీయలేదు. పొద్దున్నే పలక మీద వేలు పెట్టి చల్లగా ఉందని చూసుకుని మరీ మొదలుపెట్టేదాన్ని. ఎనిమిది శాతం, ఏడున్నర, ఎనిమిది. కొట్టేసిన వేడి భాగాన్ని సమీకరణంలోకి మళ్లీ తెచ్చాను. ముందటి కరెంటు తాలూకు వేడి తర్వాతి వెలుతురును ఎంత మసకబారుస్తుందో ఇప్పుడు నా మోడల్ ముందే చెప్పగలదు. పాత పేపరును వెనక్కి తీసుకున్నాం. వైవాలో ఎగ్జామినర్, "తప్పును దాచకుండా ఒప్పుకున్నారు. కొలతల్లో ఈ నిజాయితీ ఈ రోజుల్లో అరుదు," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి నమస్కారం పెట్టాను.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం నా గది తలుపు చప్పుడైంది. తీస్తే రాజలింగన్న. చిక్కిపోయాడు. అంబర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉంటున్నానని చెప్పాడు. చెప్పులు బయటే విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు.

"నన్ను తీసేసిన కాగితం మేడం. దాని ఎనుక ఇంకోటి కుట్టిన్రు. ఇంగ్లీషుల ఉన్నది. జర చదివి చెప్తరా?"

మేడం అన్నాడు. మీరు అన్నాడు. అది విని కూడా నాకు అర్థం కాలేదు. ఆ రెండో కాగితం నా ఉత్తరమని చూడగానే గుర్తుపట్టాను. ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు, ఎవరూ చదివి చెప్పి ఉండరు అన్న ఒక్క ధైర్యం పట్టుకున్నాను.

కాగితం ముఖానికి అడ్డంగా పెట్టుకుని చదివాను. 'అనుమతి లేకుండా' అన్నచోట 'తెలియక' అన్నాను. 'పలుమార్లు హెచ్చరించినా' అన్న వాక్యం మొత్తం దాటేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. "పద్దెనిమిదేండ్లు నిజాయితీగా పనిచేసిన మనిషి, కావాలని చేసింది కాదు, దయ చూపండి అని కూడా రాసి ఉన్నది," అన్నాను. లేని వాక్యాన్ని, వేలు పెట్టి చూపిస్తూ మరీ చదివాను.

ఆయన చివరిదాకా విన్నాడు.

"గట్లనే ఉన్నదా మేడం?"

"గట్లనే ఉన్నదన్నా."

"మా బిడ్డ వేరే తీరుగ చదివింది." గొంతు పెంచలేదు. "స్నేహలత. డిగ్రీ రెండో సంవత్సరం. రెండుసార్లు చదివి చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలె. గా మేడం అట్ల రాయదు, నువ్వే తప్పు చదివినవని పిల్లను తిట్టిన. మీరు చదివితే ఎట్లుంటదో ఇందామని వచ్చిన."

ఆయనకు కూతురుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడేళ్లలో ఆయన ఇంట్లో ఎవరెవరున్నారని నేను ఒక్కసారి అడగలేదు. "అన్నా, నేను మళ్ల రాస్తా. పెద్దసార్లకు రాస్తా. నిన్ను తిరిగి తీసుకోమని..." అన్నాను.

"ఏమని రాస్తరు?"

"నీ తప్పు లేదని."

"నా తప్పు లేదంటే మరి ఎవరిదని అడుగుతరు. హెచ్చరించిన్నని రాసింది అబద్ధమని రాస్తరా మేడం?"

అలా రాస్తే నా పొడిగింపు తప్పు, పొడిగింపు తప్పయితే నా పట్టా తప్పు. ఆయనకు ఆ రూల్స్ ఏవీ తెలియవు. కానీ నా ముఖంలో చూసి ఉంటాడు. గుమ్మంలో నిలబడి, జవాబు కోసం చాలాసేపు చూశాడు. తొందరపెట్టలేదు. నిజంగానే నా మాట కోసం ఆగాడు. నేను రాస్తానని అనలేదు, రాయనని కూడా అనలేదు. చివరికి నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఇది జరిగి నాలుగు నెలలైంది. నేను ఇప్పటికీ రాయలేదు.